రింగు దారిలో ఉంది

“—అయితే నా చీర ఎక్కడ ఆరెయ్యమంటావు, నీ నెత్తిమీదా?”

“నెత్తిమీద వద్దు. కాగితాల మీద నీడ పడతాది.”

“పెరట్లో ఉన్నది ఒక్క తీగ. ఈ చివర్నుంచి ఆ చివరి దాకా నీ కాగితాలే. ఇది ఇల్లా, గోదామా?”

“ఆ మూల ఖాళీ ఉంది కదేటి.”

“ఆ మూల జేబురుమాలు పడతాది. జేబురుమాలు చుట్టుకుని తిరగమంటావేటి నన్ను?”

నేను గేటు దగ్గర నిలబడి దగ్గాను. ఇద్దరూ నావైపు తిరిగారు. భర్త చేతిలో బట్టలకు పెట్టే క్లిప్పు, భార్య చేతిలో పిండిన తడి చీర. న్యాయం చెప్పమన్నట్టు చూశారు. నేను చీర పక్షమని వరహాలమ్మ గారు, కాగితం పక్షమని మేస్త్రీ, ఎవరికి వారు అనుకుని నాకు టీ ఇచ్చారు.

వెంకటరత్నం మేస్త్రీకి లోకంలో ఒకటే పిచ్చి. ఇంజన్‌లోంచి విప్పిన ఆయిల్ ఫిల్టరును కోసి చూడకుండా ఆయన పారేయలేడు. భోజనం వాయిదా వేయగలడు, జ్వరానికి మందు మర్చిపోగలడు. ఫిల్టరు మాత్రం విప్పిన రోజే కోయాలి. లోపల మడతలు మడతలుగా ఉండే కాగితాన్ని బయటకు తీసి, నూనె కారిపోయేదాకా తీగమీద ఆరేసి, ఆ తర్వాత వెలుతురులో పెట్టి అక్షరాలు చదివినట్టు చదవాలి. చదివాక కూడా పారేయడు. మడిచి, ఆ ఫిల్టరుకు ఉండే రబ్బరు రింగుతో కలిపి దారంతో కట్టి, మళ్లీ తీగకే తగిలిస్తాడు. నిండిన తీగను ఏడాదికోసారి ఖాళీ చేసి, కట్టలు ఇనప్పెట్టెలో దాస్తాడు. ఆ పెట్టెలో ఒకప్పుడు వరహాలమ్మ గారి పెళ్లిచీరలు ఉండేవి.

ఆయనా నేనూ రాయపూర్‌లో బిలాస్‌పూర్ రోడ్డు మీద, భన్‌పురి దగ్గర ఒక సేఠ్ గారి గ్యారేజీలో పనిచేసేవాళ్లం. ఆయన తండ్రి విజయనగరం వైపునుంచి రైల్వేలో కలాసీగా వచ్చి ఇక్కడ స్థిరపడ్డాడు. వ్యాగన్ రిపేరు షాపు కాలనీ వెనక రెండు గదుల ఇల్లు, పెరడు, పెరట్లో ఆ తీగ. నేను ఎనభై అయిదులో చేరాను. భిలాయిలో ఐ.టి.ఐ. చేసి, సర్టిఫికెట్‌ను ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని వచ్చాను. మేస్త్రీ ఆ కవరు ముట్టుకోలేదు, చేతులకు గ్రీజు ఉందన్నాడు. ఒక్క ప్రశ్న అడిగాడు.

“ఫిల్టర్లోకి నూనె ఎటునుంచి పోతాది?”

ఆయన చూపించింది కొత్త రకం ఫిల్టరు. రేకుడబ్బాలా మూసి ఉంటుంది. అడుగున మధ్యలో మర ఉన్న పెద్ద కన్నం, దాని చుట్టూ ఎనిమిది చిన్న కన్నాలు.

“మధ్యలోంచి,” అన్నాను.

“బాగుంది. సర్టిఫికెట్ ఉన్నోళ్లంతా మధ్యలోంచే అంటారు. లేనోళ్లూ అదే అంటారు. కూర్చో.”

ఆ తర్వాత గంటసేపు నూనె ప్రయాణం చెప్పాడు. కింద ఆయిల్ చాంబర్లోంచి పంపు నూనెను పైకి తోస్తుంది. ఆ నూనె పక్కనున్న చిన్న కన్నాల్లోంచి డబ్బాలోకి దిగుతుంది, కాగితం చుట్టూ చేరుతుంది. బయటి నుంచి లోపలికి కాగితం గుండా దూరుతుంది. మురికి బయటే ఆగిపోతుంది. శుభ్రపడిన నూనె నడిమి గొట్టంలో చేరి, ఆ పెద్ద కన్నంలోంచి బయటపడి బేరింగులకు వెళ్తుంది. “పెద్దకన్నం చూసి అదే సింహద్వారం అనుకుంటారు. అది బయటికి పోయే గుమ్మం. లోపలికి రావాలంటే సన్నటి దారులే,” అన్నాడు. మడతల సంగతి చెప్పడానికి వరహాలమ్మ గారి చీర కుచ్చిళ్లను ఉదాహరణగా తీసుకున్నాడు. ఆవిడ అప్పుడే అన్నం డబ్బా తెచ్చి ఆయన వెనకే నిలబడి ఉంది.

“ఇంతమంది మగాళ్ల ముందు నా కుచ్చిళ్ల మీద పాఠమేటి?” అంది.

“అంత చోటులో అంత గుడ్డ ఎలా పట్టిందో చెప్తున్నాను. కాగితమూ అంతే.”

అడుగున ఒక స్ప్రింగు ఉంటుంది, దాన్ని బొటనవేలితో నొక్కి చూపించాడు. కాగితం మురికితో పూర్తిగా మూసుకుపోతే నూనె దూరదు. అప్పుడు ఆ స్ప్రింగు వంగి పక్కదారి ఇస్తుంది. వడకట్టకుండానే నూనె వెళ్తుంది.

“అంటే మురికిని వదిలేస్తాదా?” అంది వరహాలమ్మ గారు.

“నూనె లేకపోతే ఇంజన్ నిమిషంలో పోతాది. మురికి నూనెతో అయితే కొన్నాళ్లు నడుస్తాది. బాగుచేసేవాడు వచ్చేదాకా అలా నడిపిస్తాది మరి.”

ఆ స్ప్రింగును నేను పెద్దగా పట్టించుకోలేదు. వెనక్కి తిరిగి పక్కవాడికి కన్ను కొట్టాను. ఉద్యోగంలో మొదటిరోజు నేను చేసిన పని అది.

మేస్త్రీ హాక్సా వాడడు. రంపం పొట్టు కాగితంలో పడితే అది ఇంజన్‌లోంచి వచ్చిన ఇనుమో, రంపంలోంచి వచ్చిందో తెలియదంటాడు. కుళాయి పైపులు కోసే చక్రాన్ని సాగదీసి ఫిల్టర్ల కోసం సొంత కత్తెర తయారుచేసుకున్నాడు. కాగితం చేతికి రాగానే ముఖం వెలిగిపోయేది. నల్లమడ్డి మామూలే. అయస్కాంతానికి లేచేది ఇనుము. వెండిలా మెరిసే పొడి బేరింగుది. రాగిరంగు కనబడితే బేరింగు పైపూత అరిగి లోపలికి దిగిందన్నమాట. అప్పుడు ఆయన తలపాగా తీసి పక్కన పెట్టేవాడు.

డ్రైవర్లు ఆయన్ని “పండిత్‌జీ” అనేవాళ్లు. రాంఖిలావన్ అని సిమగా వైపు ఛత్తీస్‌గఢీ డ్రైవరు ఉండేవాడు. ఒకరోజు అతని లారీ కాగితం చూసి మేస్త్రీ అడిగాడు.

“పొద్దున్నే స్టార్ట్ చెయ్యగానే దౌడాయిస్తున్నావు కదూ?”

“నహీఁ, పండిత్‌జీ.”

“కాగితం చెప్తోంది. అప్పుడే నిద్రలేచిన మనిషిని పరుగెత్తమంటే పరుగెత్తగలడా? రెండు నిమిషాలు ఆగు.”

అతను చెవులు పట్టుకున్నాడు. మర్నాడు జిలేబీలతో పాటు కూతురి జాతకం కూడా తెచ్చాడు. పెళ్లి ఎప్పుడవుతుందో చూడమన్నాడు. మేస్త్రీ జాతకాన్ని చాలాసేపు వెలుతురులో పెట్టి చూసి, “ఇందులో మడ్డి లేదు, మంచి పిల్ల,” అని తిరిగిచ్చేశాడు.

ఇంట్లోనూ అంతే. టీ వడకట్టిన జల్లెడ కడగబోతే ఆపేవాడు. ఉర్లా వైపునుంచి గాలి వీస్తే పరుగున పెరట్లోకి వెళ్లి కాగితాల మీద ప్లాస్టిక్ కప్పేవాడు. ఫ్యాక్టరీల మసి పడితే ఇంజన్ మీద లేనిపోని నింద పడుతుందని. ఆ పక్కనే మూలలో వరహాలమ్మ గారి తెల్లచీర ఉండేది. దానిమీద ఏమీ కప్పేవాడు కాదు.

వరహాలమ్మ గారి అక్కకూతురు సుభద్రకు వీళ్లింట్లోనే పెళ్లిచూపులు జరిగాయి. పెళ్లికొడుకు ఖరగ్‌పూర్ రైల్వేలో పని, దుర్గ్‌లో అన్నగారింటికి వచ్చి అక్కడినుంచి అన్నతో కలిసి బుల్లెట్ మీద వచ్చాడు. బండి మాత్రం తనదేనని, సెలవుల కోసం అక్కడ పెట్టుకున్నానని చెప్పాడు. అదే అతని పొరపాటు. ఉప్మా పెట్టేసరికి మేస్త్రీ కనబడలేదు. వెతికితే వీధిలో బుల్లెట్ పక్కన గొంతుక్కూర్చుని ఉన్నాడు. ఆ బండికి కాగితం కాదు, గుడ్డలాంటి ఉన్ని ఫిల్టరు. దాన్ని తీసి అరచేతిలో పట్టుకుని లోపలికి వచ్చాడు. ఉప్మా ప్లేట్ల మధ్య పెట్టాడు.

“కుర్రాడు మంచోడే. ఆయిల్ మార్చి రెండేళ్లయింది. ఇకనుంచి మారుస్తానని మాటిస్తే నాకు అభ్యంతరం లేదు.”

పెళ్లికొడుకు అన్న లేచాడు. వరహాలమ్మ గారు తలుపు వెనక్కి వెళ్లింది. కుర్రాడు మాత్రం ఆ ఉన్నివైపు చూసి, “మారుస్తానండి,” అన్నాడు. తలుపు సందులోంచి సుభద్ర నవ్వు వినిపించింది. పెళ్లి అయిపోయింది. ఆ అల్లుడు ఆయిల్ మార్చినప్పుడల్లా పాత ఉన్నిని కవర్లో పెట్టి పోస్టులో పంపేవాడు. పోస్ట్‌మాన్ ఆ కవరును రెండు వేళ్లతో చివర పట్టుకుని తెచ్చేవాడు.

వీటన్నిటికంటే మమ్మల్ని విసిగించింది రింగు. కొత్త ఫిల్టరు బిగించే ముందు పాతదాని రబ్బరు రింగు పాతదానితోనే ఊడి వచ్చిందా, ఇంజన్‌కే అంటుకుని ఉండిపోయిందా చూడాలి. ఉండిపోతే, దానిమీద కొత్త రింగు కూర్చుంటుంది. అప్పటికి బిగిసినట్టే ఉంటుంది. దారిలో ఎక్కడో ఒత్తిడికి రెండు రింగులూ జారి నూనె మొత్తం బయటకు కొట్టేస్తుంది. అందుకని ఎవరు ఫిల్టరు మార్చినా ఆయన వెనకనుంచి అడిగేవాడు: “రింగు చూశావా?” కళ్లతో చూస్తే సరిపోదు, చేత్తో తడిమి చూడాలి. ఈ మాట ఆయన నోటికి ఎంత అలవాటయిందంటే, ఊరెళ్లే చుట్టాన్ని రైలెక్కిస్తూ కూడా “రింగు చూసుకున్నావా?” అనేవాడు. చుట్టం భయపడి వేళ్లు తడుముకునేవాడు.

నేను ఆ మాటను ఆయన గొంతుతో అనేవాణ్ణి. తలపాగాకు బదులు నూనెగుడ్డ చుట్టుకుని, కాగితంలా చపాతీని వెలుతురుకు పెట్టి, “ఈ చపాతీ పొద్దున్నే దౌడాయించింది,” అనేవాణ్ణి. గ్యారేజీ అంతా నవ్వేది. ఒకసారి ఆయన వెనకనుంచి వచ్చి అంతా చూశాడు. “చపాతీని అటు కాదు, మడతలు విప్పి చూడాలి,” అని సరిదిద్ది వెళ్లిపోయాడు.

ఉర్లాలో ఒక ఫ్యాక్టరీకి చెందిన పదకొండు బండ్లు మా దగ్గరికి వచ్చేవి. అందులో ఒకటి కార్మికుల్ని తీసుకొచ్చే మినీబస్సు. దాని డ్రైవరు సామ్యూల్. గుంటూరు వైపు మనిషి, భార్య గ్రేస్ ఆస్పత్రిలో నర్సు. బస్సును రోజూ తుడిచి, స్టీరింగు ముందు చిన్న సిలువ పెట్టుకుని నడిపేవాడు. మేస్త్రీ కోయడం మొదలుపెడితే టీ తెచ్చుకుని పక్కన కూర్చునేవాడు. “ఏమంటున్నాడండీ మావాడు?” అని ఇంజన్ క్షేమం అడిగేవాడు. ఆయన కాగితాలను ఎగతాళి చేయకుండా కూర్చున్నది అతనొక్కడే.

ఎనభై తొమ్మిది జూలైలో ఒకరోజు మేస్త్రీ భార్యను కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాడు. ఆ రోజే సామ్యూల్ బస్సును సర్వీసుకు వదిలి, గ్రేస్‌కు అన్నం డబ్బా ఇవ్వడానికి ఆస్పత్రికి వెళ్లాడు; మేస్త్రీ లేడని అతనికి తెలియదు. మేస్త్రీ అయితే ఫిల్టరు పనికే అరగంట తీసుకునేవాడు. నేను ఆయిల్ దించి, ఫిల్టరు మార్చి, కొత్త ఆయిల్ పోసి అంతా కలిపి పన్నెండు నిమిషాల్లో పూర్తి చేస్తానని అందరి ముందూ అన్నాను. ఒకడు గడియారం పట్టుకున్నాడు. పదకొండు నిమిషాల్లో పూర్తి చేశాను. చప్పట్లు కొట్టారు. “రింగు చూశావా?” అని నేనే మేస్త్రీ గొంతుతో అరిచాను. మళ్లీ నవ్వారు. చూడలేదు.

మధ్యాహ్నం రెండింటికి ధర్సీవా దగ్గర బస్సు ఆగిపోయిందని కబురు వచ్చింది. నూనె తగ్గిందని స్టీరింగు ముందు ఎర్రలైటు వెలిగిందట, ఎదురుగా ఎడ్లబండి ఉండి పక్కకు తీసేలోపే ఇంజన్ పట్టేసిందట. బస్సును లాక్కు రావడానికి సేఠ్ నన్నే పంపాడు. రోడ్డు మీద నూనె చార ఫర్లాంగు దూరం ఉంది. ఇరవైమంది కార్మికులు చెట్టుకింద కూర్చున్నారు. సామ్యూల్ నన్ను చూసి లేచి వచ్చాడు.

“పొద్దున్నేగా పోశారు తమ్ముడూ ఆయిల్. ఏమైందంటావు?”

“చూస్తానుండు అన్నా,” అని బస్సు కిందికి దూరాను.

ఫిల్టరు విప్పితే రెండు రింగులు ఉన్నాయి. ఒకటి సగం బయటకు పొడుచుకుని నాలుకలా వేలాడుతోంది. ఆ పాత రింగును జేబులో పెట్టుకుని, ఫిల్టరు మళ్లీ బిగించేశాను. బయటకు వచ్చి, “తెలీడం లేదు అన్నా,” అన్నాను. ఆలోచించి చేసిన పని కాదని తర్వాత చాలాసార్లు నాకు నేను చెప్పుకున్నాను. కానీ బిగించే ముందు రింగుకు నూనె రాసి మరీ బిగించాను. అంత ఆలోచన ఉంది.

మర్నాడు పొద్దున మేస్త్రీ ముందుగా బస్సు దగ్గరికి వెళ్లి, ఫిల్టరు చుట్టూ వేలితో తడిమి చూశాడు. తర్వాత, తన కోసం అట్టిపెట్టమని ముందురోజు నాకు చెప్పి వెళ్లిన పాత ఫిల్టరును తీసుకుని కోయడానికి కూర్చున్నాడు. తిప్పి చూశాడు. రింగు ఉండాల్సిన గాడి ఖాళీగా ఉంది.

“చిన్నారావూ, దీని రింగేదీ?”

“ఎక్కడో కింద పడిపోయుంటాది మేస్త్రీ.”

“ఓహో. కింద పడిందా.”

ఆయన టార్చిలైటు తీసుకున్నాడు. యాభై ఎనిమిదేళ్ల మనిషి, మోకాళ్ల మీద కూర్చుని బెంచీల కింద, డ్రమ్ముల వెనక, మొత్తం గ్యారేజీ వెతికాడు. నేనూ ఇంకో టార్చి తీసుకుని ఆయన పక్కనే మోకాళ్ల మీద వెతికాను. రింగు నా ప్యాంటు జేబులో ఉంది. వంగినప్పుడల్లా తొడకు గుచ్చుకుంది. చివరికి ఆయన లేచి దుమ్ము దులుపుకుని, “పోన్లే, దొరుకుతాది,” అన్నాడు. నా మోకాళ్ల దుమ్ము కూడా ఆయనే దులిపాడు.

ఫ్యాక్టరీ రవాణా మేనేజరు సామ్యూల్‌ను ఆపేశాడు. ఇతను చాలాకాలంగా ఆయిల్ తీసి అమ్ముకుంటున్నాడని, బండి తక్కువ ఆయిల్‌తో నడిచి నడిచి బేరింగులు పోయాయని, శనివారం విచారణ అని అన్నాడు. అంటే ఉద్యోగం పోయినట్టే. దొంగ అని పేరు పడ్డ డ్రైవరుకు ఉర్లాలో ఇంకెవరూ బండి ఇవ్వరు. గ్రేస్ గ్యారేజీకి వచ్చింది, ఆస్పత్రి బట్టల్లోనే.

“మేస్త్రీ గారూ, ఆయన అలాంటి మనిషి కాడని మీకు తెలుసు కదండీ.”

“నాకు తెలిస్తే లాభం లేదమ్మా. కాగితానికి తెలియాల,” అన్నాడాయన.

శనివారం ఇనప్పెట్టెలోంచి తొమ్మిది కాగితాలు తీసుకుని విచారణకు వచ్చాడు. నేను సేఠ్‌తో పాటు వెళ్లాను. మేనేజరు బల్లమీద ఆయన ఆ నల్లటి కాగితాలు ఒక్కొక్కటే పరిచాడు. మేనేజరు ఫైళ్లు పక్కకు లాక్కున్నాడు. అప్పుడు నేను గమనించాను. నాలుగేళ్లుగా నా చేత్తో తీగకు తగిలించిన కాగితాలే. ప్రతి కాగితం అంచునా తేదీతో పాటు పెన్సిలుతో ఏదో రాసి ఉండేది. బండి నంబరనుకున్నాను. నంబరు కాదు. డ్రైవరు పేరు.

“సాబ్, యే దేఖియే,” అన్నాడు మేస్త్రీ. ఆయన హిందీలో సగం తెలుగే ఉంటుంది. “మూడేళ్ల కాగితాలివి. సామ్యూల్ తక్కువ ఆయిల్‌తో నడిపి ఉంటే బేరింగు పొడి ఇందులో మెరవాల. ఇదిగో భూతద్దం. ఏక్ దానా భీ దిఖాయియే, ఒక్క గింజ చూపించండి.”

మేనేజరు భూతద్దంతో చూశాడు. తొమ్మిదీ చూశాడు. గింజంత మెరుపు కూడా లేదు.

“మరి ఇంజన్ ఎలా పోయింది?” అన్నాడు హిందీలో.

“ఆ పొద్దున్నే ఫిల్టరు బిగించారు. బిగింపులో తప్పు. నూనె అక్కడినుంచి కొట్టేసింది. గ్యారేజీ తప్పు.”

“గ్యారేజీలో ఎవరిది?”

నేను నోరు తెరిచాననే అనుకుంటాను. ఆయన నావైపు చూడలేదు.

“బడా మిస్త్రీని నేనే సాబ్. నాదే.”

సామ్యూల్ ఉద్యోగం నిలబడింది. ఈ ముసలాయన ఇకమీదట మా బండ్లు ముట్టుకోకూడదని, పాత ఫిల్టర్లన్నీ సంచిలో కట్టి ఫ్యాక్టరీ స్టోరుకే అప్పగించాలని మేనేజరు ఉత్తరం రాశాడు. సేఠ్ ఆ ఉత్తరం చదివి నా భుజం తట్టాడు. “ఛోటా రావ్, ఇకనుంచి ఫ్యాక్టరీ బండ్లు నువ్వు చూసుకో.” అలా నేను పెద్ద మేస్త్రీని అయ్యాను. నా పదకొండు నిమిషాల పని సంగతి తెలిసిన ఇద్దరు ముగ్గురు కూడా ఏమీ అనలేదు. పెద్ద మేస్త్రీ కాబట్టి తప్పు తనమీద వేసుకున్నాడు కాబోలని, అసలు పెద్దాయన డాక్టరు దగ్గరినుంచి మధ్యలో వచ్చి మళ్లీ బిగించాడు కాబోలని, రకరకాలుగా సర్దుకున్నారు. మనుషులు సర్దుకుంటారు.

మేస్త్రీని ట్రాక్టర్లకు మార్చారు. ఆయన మామూలుగానే ఉన్నాడు. నేను ఫిల్టరు బిగిస్తుంటే దూరంనుంచి “రింగు చూశావా?” అనేవాడు. చూసేవాణ్ణి. మూడుసార్లు చూసేవాణ్ణి. ఒక్క ఫిల్టరుకు నాకు నలభై నిమిషాలు పట్టేది. కుర్ర మెకానిక్కులు నా వెనక చపాతీ పట్టుకుని నన్ను అనుకరించడం మొదలుపెట్టారు.

సామ్యూల్ మాత్రం ఆయనతో మాట్లాడటం మానేశాడు. సర్వీసుకు వస్తే నా దగ్గర కూర్చునేవాడు, నాకే టీ తెచ్చేవాడు. “మూడేళ్లు ఆయన పక్కన కూర్చున్నాను తమ్ముడూ. ఇరవైమంది ఉన్న బస్సు. రింగు రింగు అని మనందర్నీ తినేసి, ఆయనే చూసుకోలేదు,” అన్నాడు ఒకరోజు. ఆ టీ నేను తాగాను.

పాత రింగు పారేద్దామని రెండుసార్లు ఖారూన్ నది వంతెన దాకా వెళ్లి తిరిగొచ్చాను. ఇంట్లో పెడితే మా ఆవిడ పప్పుడబ్బా మూతకు సరిగ్గా సరిపోయిందని వాడేసింది. మూడురోజులు పప్పు వద్దని మజ్జిగతో తిన్నాను. నాలుగోరోజు తీసి జేబులో వేసుకున్నాను.

ఎనిమిది నెలలకు, మార్చిలో ఒక ఆదివారం పొద్దున, వరహాలమ్మ గారు తీగ సాగిపోయింది బిగించమని కబురు పెట్టింది. వెళ్లాను. పెరట్లో తీగనిండా చీరలు. నీలం, పసుపు, తెలుపు, బారుగా గాలికి ఊగుతున్నాయి. ఆ తీగమీద నిండు చీర నేను చూడటం అదే మొదటిసారి.

“చోటొచ్చింది కదా పిన్నీ,” అన్నాను, ఏదో ఒకటి అనాలి కాబట్టి.

“వచ్చింది. పాతికేళ్లు దెబ్బలాడితే వచ్చింది. ఆరేసినప్పుడల్లా ఏడుపొస్తోంది. ట్రాక్టర్లు నెలకొకటి వస్తే గొప్ప. సుభద్ర మొగుడు పంపే ఉన్నిగుడ్డ కోసం పోస్ట్‌మాన్‌కి ఎదురెళ్తున్నాడు. ఆ మూల ఒక్క కాగితం ఉంది చూడు, దాన్ని పెట్టెలో వెయ్యడు, నన్ను ముట్టుకోనివ్వడు.”

మూలలో, జేబురుమాలు పట్టేంత చోటులో, ఒక కాగితం క్లిప్పుకు వేలాడుతోంది. అంచున జూలై తేదీ, సామ్యూల్ పేరు. దారం కట్టి ఉంది. దారానికి రింగు లేదు. చివర వదులుగా ముడి వేసి ఉంది.

“ఇదేటి, దీనికి రింగు లేదని అడిగాను,” అంది ఆవిడ. “దారిలో ఉంది, వస్తాది అన్నాడు. ఆర్నెల్లయింది, ఇంకా దారిలోనే ఉందేటి, నడిచొస్తోందా అన్నాను. కొన్నిటికి టైము పడతాది, తొందరపెట్టకు అన్నాడు. ఈయన మాటలు నాకెప్పుడు అర్థమయ్యాయి కనక.”

నేను తీగ బిగించడానికి తెచ్చిన శ్రావణం కింద పెట్టాను. జేబులోంచి రింగు తీసి, ఆ ముడి విప్పి, కట్టాను. నా వేళ్లకు ముడి సరిగా పడలేదు. వెనకనుంచి మేస్త్రీ చెయ్యి వచ్చి దాన్ని సరిచేసింది. ఎప్పుడొచ్చాడో తెలియదు. స్నానం చేసి వచ్చినట్టున్నాడు, తలపాగా లేదు. రింగును వెలుతురుకు పెట్టి చూశాడు.

“పప్పు వాసనొస్తోందేటి?” అన్నాడు.

చెప్పాను. ఆయన నవ్వాడు. పొట్ట పట్టుకుని నవ్వాడు. వరహాలమ్మ గారు మా ఇద్దర్నీ, రింగునూ మార్చి మార్చి చూసింది. ఆవిడకు మెల్లగా అర్థమైంది. ఆవిడ నవ్వలేదు. తీగమీది తడి చీరలు ఒక్కొక్కటే తీసి భుజాన వేసుకోవడం మొదలుపెట్టింది.

“మొదటిరోజే తెలిసి మీరు ఎందుకు ఊరుకున్నారు మేస్త్రీ?” అన్నాను.

ఆయన గట్టుమీదున్న కోసిన ఫిల్టరు డబ్బా తీసుకుని, అడుగునున్న పక్కదారి స్ప్రింగు మీద బొటనవేలు పెట్టాడు.

“మళ్లీ మొదలెట్టాడు,” అంది వరహాలమ్మ గారు. “చీరలు లోపల గదిలో ఆరేసుకుంటాను. తీగ నువ్వే తీసుకో.”

నేను ఆ కాగితాన్ని క్లిప్పునుంచి తీసి మడిచాను. మేస్త్రీ ముఖం మారిపోయింది.

“దాన్నెక్కడికి పట్టుకుపోతున్నావు? తిరిగి ఎప్పుడు తెస్తావు?”

“రేపు పది గంటలకి ఉర్లాలో మేనేజరు బల్లమీద పెడతాను. సామ్యూల్‌ని, సేఠ్‌ని కూడా రమ్మంటాను. ఆ రోజు బస్సుకి ఫిల్టరు బిగించింది నేనని చెప్పి, తిరిగొస్తూ తెస్తాను.”